బాండ్ల గురించి చదివితే మా అమ్మాయికి ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వ బాండ్లు, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాలు, ఎందుకు కొంటుంది, ఆ సంగతి జనానికి ఎంతవరకు చెబుతుంది అని ప్రాజెక్టు చేసింది. ఇప్పుడు ఎంఏ చేసి అదే దారిలో వెళ్తానంటోంది. ఎంబీఏ ఫైనాన్సో, ఫిన్‌టెక్ (టెక్నాలజీతో నడిచే ఆర్థిక సేవలు) డిప్లొమానో చేస్తే వెంటనే ఉద్యోగం వస్తుందని మా ఆశ. ఏది మంచిది? ప్రభుత్వాన్ని లెక్కలడిగే చదువు ఆడపిల్లకెందుకని భయం కూడా ఉంది. – ఓ తండ్రి, తెనాలి

జవాబు: ఎంఏనా, ఎంబీఏనా అని ఏటా వేసవిలో ఎంతోమంది తల్లిదండ్రులు అడుగుతారండీ. రెండేళ్లయ్యాక పిల్ల ఖాళీగా ఇంట్లో కూర్చుంటే ఎలా అన్నదే అందరి బాధ. మీకు దాని మీద ఇంకో భయం తోడైంది. ముందు దాని సంగతి చూద్దాం.

మీ అమ్మాయి ఎవరి బీరువా తాళాలూ పగలగొట్టడం లేదు. రిజర్వ్ బ్యాంకు తన ఆస్తి అప్పుల లెక్క ప్రతి శుక్రవారం తానే బయటపెడుతుంది. ఆ అలవాటు వెనక పెద్ద కథ ఉంది. ఒకప్పుడు కేంద్రానికి చేతిలో డబ్బు తగ్గితే చాలు, అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే స్వల్పకాలిక అప్పు పత్రాలు వాటంతటవే పుట్టేవి, రిజర్వ్ బ్యాంకు డబ్బిచ్చేది. ఎంత ఇవ్వాలన్నది దాని చేతిలో ఉండేది కాదు. రంగరాజన్ గవర్నర్‌గా ఉండగా 1994లో కేంద్రంతో ఒప్పందం కుదిరి, 1997 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి పోయింది. తర్వాత ప్రభుత్వ అప్పులకు, లోటుకు కళ్లెం వేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం వచ్చి, 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లను రిజర్వ్ బ్యాంకు నేరుగా కొనకూడదంది, అసాధారణ పరిస్థితుల్లో తప్ప. ఇప్పుడు కొనేదంతా బ్యాంకుల వంటి వాళ్ల దగ్గర, మార్కెట్లోనే.

2021లో జీ-సాప్ అనే కార్యక్రమం పేరుతో ఏప్రిల్-జూన్‌కు లక్ష కోట్ల రూపాయల ప్రభుత్వ బాండ్లు, ఆ తర్వాతి 3 నెలలకు 1.2 లక్షల కోట్లవి కొంటామని రిజర్వ్ బ్యాంకు ముందే చెప్పింది. అంత మొత్తం ముందుగా మాటివ్వడం కొత్త. అయితే వేలం పెట్టకుండా బాండ్లు అమ్మి కొనే కంప్యూటర్ స్క్రీన్ మీద కొన్నప్పుడు ముందు కబురేమీ ఉండదు, తర్వాతి లెక్కల్లోనే కనబడుతుంది. వడ్డీ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీలో ఎవరు ఎటు ఓటేశారో సమావేశం అయిన 14వ రోజున మినిట్స్‌లో (సమావేశ వివరాల్లో) చదువుకోవచ్చు. బాండ్ల కొనుగోలు మీద అలాంటి ఓటూ లేదు, మినిట్సూ లేవు. ఎందుకు లేవు, ఉంటే మార్కెట్‌కు మేలా, కీడా? ఇది డిగ్రీ పిల్లకు తట్టిందంటే, కోపగించుకోకండి, మీరు సంతోషించాల్సింది పోయి భయపడుతున్నారు. సమాచార హక్కు చట్టం రిజర్వ్ బ్యాంకుకూ వర్తిస్తుందని 2015లో సుప్రీంకోర్టే గట్టిగా చెప్పింది. గవర్నర్లుగా చేసిన వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు మన తెలుగువాళ్లే. ఈ చదువు మన ఇళ్లకు కొత్తదేమీ కాదు.

‘ఆడపిల్లకెందుకు’ అన్న మాట మాత్రం మళ్లీ ఆ పిల్ల ముందు అనకండి. కొడుకైతే ఈ ప్రశ్న నాకు రాసేవారా?

ఇక ఫిన్‌టెక్ డిప్లొమా. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మొన్న ఒక కుర్రాడు అలాంటి కోర్సు ముగించి నా దగ్గరికొచ్చాడు. ఒక యాప్‌లో బటన్లు ఎక్కడుంటాయో తెలుసు, బాండు ధర పెరిగితే దాని రాబడి ఎందుకు తగ్గుతుందో తెలియదు. తప్పు వాడిది కాదు, ఎవరూ చెప్పలేదు. బ్రోషర్‌లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంటుంది. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం కాదండీ, మీ అమ్మాయి బయోడేటా నలుగురికి పంపడం. ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతమో కాగితం మీద చూపించమనండి. చూపించలేకపోతే ఫీజు కట్టొద్దు. ఎంబీఏ కూడా అంతే. మంచి కాలేజీలో సీటొస్తే చేయొచ్చు. ఊరూ పేరూ లేని చోట చేస్తే చివరికి బీమా పాలసీలు అమ్మే టార్గెట్లు, నెలాఖరు టెన్షన్.

ఎంఏ కూడా తనంతట తాను ఉద్యోగం ఇవ్వదు. గణితం, స్టాటిస్టిక్స్ లేని ఎంఏ ఈ దారిలో పనికిరాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ముంబయిలో రిజర్వ్ బ్యాంకే పెట్టిన ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఢిల్లీ స్కూల్ వంటి చోట్లకు ప్రయత్నించమనండి. బయటికొచ్చాక రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగం, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉన్నాయి. పోస్టులు తక్కువ, అవి రాకపోయినా బ్యాంకుల ట్రెజరీలు (వాటి పెట్టుబడులు చూసే విభాగాలు), అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే రేటింగ్ సంస్థలు, మ్యూచువల్ ఫండ్ల బాండ్ల విభాగాలు, పత్రికల బిజినెస్ డెస్కులు ఇలాంటి వాళ్లను తీసుకుంటాయి. అమ్మాయి ఇంట్లో కూర్చోదు. మొదటి ఏడాది జీతం మీ బంధువుల అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతం కన్నా తక్కువే ఉండొచ్చు, దానికి మీరు మనసు గట్టి చేసుకోవాలి.

‘రాష్ట్రం ఆర్బీఐ నుంచి ఇన్ని కోట్ల అప్పు తెచ్చింది’ అని మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ డబ్బు సాధారణంగా ఆర్బీఐది కాదు, అది వేలం నిర్వహిస్తుంది, బ్యాంకులూ బీమా సంస్థలూ కొంటాయి. ఆ వేలాలు మామూలుగా మంగళవారాల్లో జరుగుతాయి. ఫలితాలు అదే రోజు ఆర్బీఐ వెబ్‌సైట్లో పెడతారు. వచ్చే మంగళవారం సాయంత్రం అమ్మాయి పక్కన కూర్చుని ఆ పట్టిక తెరిపించండి. ఆంధ్రప్రదేశ్ పేరు కనబడితే ఎంత, ఎన్నేళ్లకు, ఎంత వడ్డీకి అని అడగండి. తనని చెప్పనివ్వండి, మధ్యలో అడ్డు రాకండి. డిప్లొమా అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టకండి.