బటన్ నొక్కకుండా కంటి పరీక్ష ఉందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 47. చీరాలలో టైలరింగ్ చేస్తాను. మా అమ్మకు నీటికాసుల (గ్లకోమా) వల్ల ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది అంతంతమాత్రం. ఆ భయంతో నేనూ చూపించుకున్నాను. కంటి ప్రెషర్ 19 ఉందన్నారు. కంటి నరం మీద కొంచెం అనుమానంగా ఉందని, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే ఫీల్డ్ టెస్ట్ రాశారు. మొదటిసారి కాగితంలో పైభాగమంతా నల్లగా వచ్చింది. మూడు వారాల తర్వాత ఇంకోచోట చేయిస్తే ఆ నలుపు లేదు, పక్కన ఎక్కడో రెండు మచ్చలు వచ్చాయి. చీకటి గదిలో నాకు కునుకు వస్తోంది. నొక్కానో లేదో నాకే గుర్తుండదు. మన జవాబుతో పని లేకుండా కంటినే అడిగి తెలుసుకునే పరీక్ష లేదా? గల్ఫ్‌లో ఉన్న మా అన్నయ్య కూడా చేయించుకోవాలా?
– పేరు వద్దన్నారు, చీరాల

జవాబు: ఎన్నో ఏళ్లు అందరినీ ఆ గిన్నెలాంటి మిషన్ ముందు కూర్చోబెట్టిన నేను, ఒకసారి సరదాపడి నేనే కూర్చున్నానమ్మా. మధ్యలో ఉన్న పసుపు లైటునే చూడండి అని రోజూ చెప్పే మనిషిని, చుక్కలు ఎక్కడ వస్తాయా అని దిక్కులు చూశాను. ఫలితం నమ్మదగ్గది కాదని కాగితం మీద వచ్చింది. మా టెక్నీషియన్ వారం పాటు నవ్వాడు. కాబట్టి మీ కునుకు గురించి సిగ్గుపడకండి.

ఒక సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. ఆ మిషన్ కావాలనే చాలా చుక్కలను కనిపించీ కనిపించనంత మసకగా వేస్తుంది. మామూలుగా వాడే పరీక్షలో 54 చోట్ల, ఒక్కోచోట మీకు కనిపించే అతి తక్కువ వెలుగు ఎంతో వెతుకుతుంది. అంటే మంచి కన్నుకు కూడా దాదాపు సగం చుక్కలు కనిపించవు. అది తెలియక ఫెయిలైపోతున్నామని టెన్షన్ పడి, కనిపించకపోయినా నొక్కేస్తారు.

మీ కాగితం చూడకుండా తేల్చి చెప్పలేను. కానీ పైన మాత్రమే నల్లగా వచ్చి తర్వాత పోయిందంటే నాకు ముందు కనురెప్ప మీదే అనుమానం. నిద్ర వచ్చి రెప్ప వాలితే పైభాగం చీకటే. రెప్పను చిన్న టేపుతో పైకి అంటిస్తే సరిపోయే పని. మొదటిచోట అది చేయలేదేమో. నీటికాసుల వల్ల పోయిన చోటు మూడు వారాల్లో తిరిగి రాదు.

ఇక మీరడిగినది. ఉన్నాయి. అన్నిటికంటే పాతదీ చవకైనదీ టార్చిలైటు. ఒక కంటి మీద వేసి, వెంటనే రెండో కంటి మీదికి మారుస్తాం. నరం దెబ్బతిన్న కంటి మీదికి వెలుగు వచ్చినప్పుడు కంటిపాప చిన్నది కావలసింది పోయి పెద్దదవుతుంది. అయితే రెండు కళ్లూ సమానంగా చెడితే ఇది పట్టుకోలేదు. ఈ టార్చి పనినే కంప్యూటరుకు అప్పజెప్పిన మిషన్ మీద ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని నేషనల్ యూనివర్సిటీ వాళ్లు చాలాకాలం పనిచేశారు. చూపులోని ఒక్కో భాగానికి విడివిడిగా వెలుగు చూపిస్తూ, పాప ఎంత ముడుచుకుందో కెమెరాతో కొలుస్తుంది. బటన్ ఉండదు.

ఇంకొకటి ప్యాటర్న్ ఈఆర్‌జీ. తెర మీద చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లు ఉంటాయి, అవి టకటకా తారుమారవుతుంటాయి. మీరు ఊరికే చూస్తూ కూర్చుంటే, కంటి దగ్గర పెట్టిన సన్నని తీగ రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, పుట్టే విద్యుత్తును పట్టుకుంటుంది. మెదడుకు చూపు మోసే గ్యాంగ్లియన్ కణాలు ఒక్కో కంటిలో పది లక్షల పైచిలుకు. వాటిలో చాలా భాగం పోయాకగాని ఫీల్డ్ టెస్టులో మచ్చ తేలకపోవచ్చు. ఈ పరీక్షలో మాత్రం కణం చావకముందు, నీరసపడ్డప్పుడే సిగ్నల్ తగ్గగలదు. కొందరిలో చుక్కల మందుతో ప్రెషర్ దించాక ఆ సిగ్నల్ మళ్లీ కోలుకుంది కూడా. నాకు ఈ పరీక్ష మీద అభిమానం అందుకే.

మరి అందరికీ ఎందుకు రాయం? ఈ మిషన్లు అబద్ధం చెప్పవు, కానీ గొణుగుతాయి. ఈఆర్‌జీలో వచ్చే సిగ్నల్ వోల్టులో పది లక్షల వంతులు కొన్ని మాత్రమే. దవడ బిగించినా, కళ్లు ఆర్పినా అందులో కలిసిపోతుంది. శుక్లం ఉన్నా, కళ్లజోడు పవర్ సరిగా లేకపోయినా తగ్గుతుంది. బాగున్నవాళ్ల మధ్యే అంకెలు బాగా తేడాగా ఉంటాయి కాబట్టి ఒక్కసారి చేసి తీర్పు చెప్పలేం. పాప పరీక్షకూ షుగరు, కొన్ని చుక్కల మందులు అడ్డం వస్తాయి. మీకు ఓసీటీ స్కాన్ కూడా రాస్తారు. దానికీ మీ జవాబుతో పని లేదు, కానీ అది కంటి నరమనే వైరు మందం కొలుస్తుందే తప్ప అందులో కరెంటు పారుతోందో లేదో చెప్పదు. మైనస్ పవర్ ఎక్కువుంటే అదీ తికమకపడుతుంది.

అందుకని మీరు మూడోసారి ఫీల్డ్ టెస్టుకే వెళ్లండి. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా మిషన్ తొక్కిన మర్నాడు కాదు, బాగా నిద్రపోయిన రోజు పొద్దున్నే. రెప్పకు టేపు వేయమని అడగండి. కునుకు వస్తే బటన్ నొక్కి పట్టుకోండి, చాలా మిషన్లలో పరీక్ష ఆగుతుంది. రెండు కాగితాల్లోనూ ఒకేచోట మచ్చ వస్తేనే దానికి విలువ. పాత కాగితాలు పారేయకండి. ప్రెషర్ 19 మామూలు హద్దులోదే అయినా, ఆ అంకెతోనే నీటికాసులు వచ్చేవాళ్లున్నారు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, పలచగా ఉంటే అసలు ప్రెషర్ ఇంకా ఎక్కువుండొచ్చు, కాబట్టి దాని మందం కొలవమనండి. గోనియోస్కోపీ అనే పరీక్షతో కంటి కోణం, అంటే కంటిలోని నీరు బయటికి పోయే దారి, కూడా చూడమనండి.

1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు నీటికాసులు ఉన్నట్టు తేల్చినవాళ్లలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. మీ అన్నయ్యకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. సెలవు మీద వచ్చినప్పుడు మొదటి వారంలోనే తీసుకెళ్లండి. ఆఖరి వారంలో ఐతే సామాన్లు సర్దుకోవడంలో మర్చిపోతారు.