స్కాఫ్ ప్రశ్నలు తెలుగులో పెట్టేముందు

మీరు అడిగింది ఇదీ: ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీలో వెయ్యి మంది హాస్టల్ విద్యార్థులున్నారు, ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు గురించిన ఆలోచనలు మనిషిని పట్టి పీడించే మానసిక జబ్బు) ఎవరికుండొచ్చో ముందుగా వడగట్టే స్క్రీనింగ్‌ని గూగుల్ ఫారంలో పెట్టాలి, ఏ ప్రశ్నావళి వాడాలి, పాజిటివ్ వచ్చినవాళ్ళని ఏం చేయాలి.

ప్రశ్నావళికి స్కాఫ్ (SCOFF) అనేది చాలు. 1999లో ఇంగ్లండులో వచ్చింది. 5 ప్రశ్నలు, అవును, కాదు అనే జవాబులు. 2 అవునులు వచ్చాయంటే ఇంకాస్త లోతుగా చూడాలని అర్థం, జబ్బు ఉందని కాదు. ఇదే పనికి వాడే ఈట్-26 అనే ప్రశ్నావళి కూడా మంచిదే గానీ 26 ప్రశ్నలు. ఫోన్లో సగం దాటాక వరసగా ఒకే గడి నొక్కుకుంటూ పోతారు.

అసలు కష్టం తెలుగుతోనే. ఫోన్ అనువాదం తెచ్చి అతికించారో, మొదటి ప్రశ్నే బోల్తా కొడుతుంది. ఇంగ్లీషు ప్రశ్నలో ఉన్న 'మేక్ యువర్‌సెల్ఫ్ సిక్' అన్నచోట 'సిక్' అంటే బ్రిటిష్ వాడుకలో వాంతి. యంత్రమేమో 'మిమ్మల్ని మీరు అనారోగ్యానికి గురిచేసుకుంటారా' అని ఇస్తుంది. మెస్ కూర పడక కడుపు పాడైనవాళ్ళంతా అవును కొట్టేస్తారు. 'కడుపు మరీ నిండిపోయి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటారా?' అని రాయండి. 'కావాలని' అన్న మాట పొరపాటున కూడా తీయొద్దు.

రెండోది: 'ఎంత తింటున్నానో నా చేతుల్లో లేకుండా పోయిందని బెంగగా ఉందా?' మూడో ప్రశ్నలో 'స్టోన్' అన్నది బ్రిటిష్ వాళ్ళ బరువు కొలత, 14 పౌండ్లు, అంటే 6.35 కిలోలు. 'ఈ 3 నెలల్లో 6 కిలోలకి పైగా తగ్గారా?' అంటే సరిపోతుంది. హాస్టల్లో కాటా ఉండదు కాబట్టి 'తెలీదు' గడి కూడా ఇవ్వండి, లేకపోతే ఊహించి కొడతారు. దాని కింద 'తగ్గాలనుకుని తగ్గారా, జ్వరమో కామెర్లో వచ్చి తగ్గారా?' అని ఒక ప్రశ్న విడిగా వేయండి, మార్కుల్లో కలపకుండా.

నాలుగోది మన వైపు తెగ తికమక పెడుతుంది. 'బక్కగా ఉన్నావని అందరూ అంటున్నా, మీకు మాత్రం లావుగా ఉన్నట్టే అనిపిస్తుందా?' సెలవులకి ఇంటికెళ్తే గుమ్మంలోనే 'ఇలా చిక్కిపోయావేటి' అంటారు కదా, అది పలకరింపు. అందుకని చదివేవాళ్ళ దృష్టి ప్రశ్నలోని రెండో సగం మీద పడాలి. ఐదోది 'తిండే మీ లోకమా' అన్నట్టు ఉంటే మెస్ మెనూ గుర్తొచ్చి నవ్వుకుంటూ అవును పెడతారు. 'తిండి గురించిన ఆలోచనలే రోజంతా బుర్రని పట్టుకుని ఉంటున్నాయా?' మేలు.

రాశాక 8, 10 మంది విద్యార్థుల చేత పైకి చదివించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించండి. వాళ్ళలో సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర గిరిజన పిల్లలూ ఉండాలి. తెలుగు వాళ్ళకి ఇంటి భాష కాదు.

ఉపవాసాలు మరచిపోవద్దు. ఉత్తర భారతంలో స్కూలు అమ్మాయిలకి ఈట్ ప్రశ్నావళి ఇచ్చి చూసి, 1989లో అచ్చైన అధ్యయనంలో ఇదే బయటపడింది: తిండి విషయంలో నిగ్రహం గురించి అడిగితే వ్రతాల్లాంటివి తలచుకుని జవాబిచ్చారు. కార్తీక మాసంలో, రంజాన్‌లో, పరీక్షల వారంలో ఫారం పంపకండి. అరసవల్లి దేవుడికి ఆదివారం ఒంటిపూట ఉండేవాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు, ఆ సంగతి తర్వాత మాట్లాడేటప్పుడు అడిగితే చాలు.

ఫారం సెట్టింగులు. ఈమెయిల్ సేకరణ ఆపేయండి. 'ఒక్కసారే జవాబు' పెడితే లాగిన్ అడుగుతుంది. మెయిల్ రికార్డు కాదని మీరెంత చెప్పినా నమ్మరు, దాన్నీ ఆపేయండి. జవాబుల సారాంశం అందరికీ కనిపించే మీట కట్టేసి ఉండాలి. బ్రాంచి, సంవత్సరం, ఆడా మగా మూడూ అడిగితే, మెకానికల్ ఫైనలియర్‌లో నలుగురే అమ్మాయిలున్న చోట పేరు అడిగినట్టే. క్విజ్ పెట్టి మార్కులు చూపించొద్దు, ఈ జబ్బున్నవాళ్ళకి ఆ అంకె కూడా పోటీ అయిపోతుంది. పైగా గూగుల్ ఫారం ఒక్క ప్రశ్న జవాబుని బట్టి దారి మారుస్తుందే తప్ప మొత్తం కూడి మార్చదు. అందుకే చివరి పేజీ అందరికీ ఒకటే: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, కింద 'ఎవరితోనైనా మాట్లాడాలనుంటే నంబరు ఇవ్వండి' అన్న గడి, నింపకపోయినా పర్లేదు. ఇచ్చినవాళ్ళకి 3 రోజుల్లో ఫోన్ చేయలేకపోతే ఆ గడి పెట్టనే వద్దు. 18 నిండని పీయూసీ (ఇంటర్ స్థాయి) పిల్లలుంటే ముందు తల్లిదండ్రుల అనుమతి.

ఎంతమందికి సిద్ధపడాలో ఉజ్జాయింపుగా లెక్క కట్టుకోండి. వెయ్యి మందిలో 30 మందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. స్కాఫ్ 25 మందిని పట్టి 5 మందిని వదిలేసిందనుకోండి. మిగతా 970 మందిలో నూటికి పది చొప్పున పొరపాటున చూపినా 97. మొత్తం 122 మంది, అందులో అసలువాళ్ళు 25. వాళ్ళంతా నంబరు ఇచ్చి, ఒక్కొక్కరితో 20 నిమిషాలు మాట్లాడాల్సి వస్తే 40 గంటల పైమాటే. వార్డెన్‌కీ క్లాస్ టీచర్‌కీ జాబితా పంపేసి చేతులు దులుపుకునే చోట ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

ఆ మాటల్లో అనుమానం నిలిస్తే డాక్టరు దగ్గరికి. శ్రీకాకుళంలో జనం ఇంకా రిమ్స్ అనే పెద్దాసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అక్కడా కుదరకపోతే విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా నాడి, బీపీ, రక్తంలో పొటాషియం, ఈసీజీ చూడమని చీటీ మీద రాసి పంపండి. వాంతులతో పొటాషియం పోతుంది, బరువు మామూలుగా ఉన్నా గుండె లయ తప్పొచ్చు. లావుగా కనిపిస్తోంది కదా, దీనికేటి జబ్బు అనుకుని పొరబడేది ఇక్కడే. కళ్ళు తిరిగి పడిపోవడం, రోజూ వాంతులు, నాడి నిమిషానికి 50 లోపు, చచ్చిపోవాలన్న మాట: వీటిలో ఏది ఉన్నా ఫారం, వరస అన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి.

ఇంకొకటి, మెస్ వాళ్ళకి ముందే చెప్పాలి. రోజుల తరబడి సరిగా తినని పిల్లని చూసి పాపమని ఒక్కసారిగా కడుపు నిండా పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. ఎంతెంత పెంచాలో డాక్టరు చెప్పాకే.