మద్లేన్‌కు మూపురం రావాలంటే పిండి రాత్రంతా చలిలో ఉండాలి

"ఈ క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లో ఫ్రెంచి టీ కేకులు చేయాలనుకుంటున్నాను. మద్లేన్‌ల కోసం సిలికాన్ అచ్చు కొనాలా, లోహపు అచ్చు కొనాలా?" అని మీరు అడిగారు.

లోహపుదే కొనండి. వేడిని త్వరగా అందుకుంటుంది, అంచులు ఎర్రగా కాలతాయి. సిలికాన్‌లో అయితే అడుగు పాలిపోయి చెమ్మగా ఉండిపోతుంది. అచ్చు గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. అసలు సంగతి పిండిలో ఉంది. అది నేను నేర్చుకున్నది ఒక డిసెంబరు రాత్రి, మా అమ్మ దగ్గర, మా పక్కింటి పెద్దావిడ దగ్గర.

మేము ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతంలోని నాన్సీ నగరంలో అయిదేళ్లు ఉన్నాం. అక్కడ పిల్లలకు క్రిస్మస్ కంటే ముందు వచ్చే పెద్ద పండుగ డిసెంబరు 6, సెయింట్ నికోలస్ రోజు. ఆయన లొరేన్‌కు రక్షకుడు. నాన్సీ వీధుల్లో ఊరేగింపు తీస్తారు, ఆయన బొమ్మ ఆకారంలో తేనె, మసాలా రొట్టెలు అమ్ముతారు. ఆ ఏడు మా పాపను కొత్తగా బడిలో వేశాం. పండుగ రోజున తల్లిదండ్రులు ఇంట్లో చేసిన కేకు ఏదైనా పంపాలన్నారు. నేను మద్లేన్‌లు చేస్తానని మాట ఇచ్చాను. మద్లేన్ అంటే ఆల్చిప్ప ఆకారంలో అరచేతిలో ఇమిడే చిన్న కేకు. ఒకవైపు చారలు, మరోవైపు మధ్యలో ఒక ఉబ్బు. ఆ ఉబ్బును ఫ్రెంచివారు బోస్ అంటారు. మన మాటలో మూపురం.

మద్లేన్‌లకు పేరుపడిన కొమెర్సీ మా ఊరికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడివాళ్లు చెప్పే కథ 1755 నాటిది. పోలెండ్ రాజ్యం పోగొట్టుకుని లొరేన్‌కు డ్యూక్‌గా వచ్చిన స్తానిస్లాస్ కొమెర్సీ కోటలో విందు ఇస్తుండగా వంటవాడు అలిగి వెళ్లిపోయాడట. అప్పుడు మద్లేన్ అనే పనిమనిషి తన నాయనమ్మ చేసే కేకులు చేసి పరువు నిలబెట్టిందట. ఇది నిజమేనని నిరూపించే కాగితం ఏదీ లేకపోయినా నేను నమ్ముతాను. పండుగపూట వంటవాడు వెళ్లిపోతే ఇంట్లో ఆడవాళ్లు ఒడ్డెక్కించిన కథలు మన ప్రతి పెళ్లింట్లోనూ ఉన్నాయి కదా. 1852లో పారిస్-స్ట్రాస్‌బర్గ్ రైలు మార్గం పూర్తయ్యాక కొమెర్సీ స్టేషనులో ఆడవాళ్లు బుట్టల్లో వీటిని పెట్టుకుని ప్రయాణికులకు అమ్మేవారు. పేరు దేశమంతా పాకింది అలాగే. మా ఊరికి దగ్గరలోనే ఉన్న లివెర్దన్ వాళ్లు మాత్రం అసలైన మద్లేన్ తమదేనంటారు. ఆత్రేయపురం పూతరేకులు తిని పెరిగినదాన్ని, ఊరి పేరు మీద పట్టుదల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ తగవులో నేను కొమెర్సీ పక్షం.

అయిదో తేదీ సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టాను. మూడు గుడ్లు, 130 గ్రాముల చక్కెర, 150 గ్రాముల మైదా, 150 గ్రాముల వెన్న, ఒక చెంచా బేకింగ్ పౌడర్, నిమ్మ తొక్క తురుము, చెంచాడు తేనె, చిటికెడు ఉప్పు. కరిగించిన వెన్న వేడివేడిగా పోసి కలిపి, వెంటనే అచ్చులో వేసి ఓవెన్‌లో పెట్టాను. వచ్చినవి పలచగా, చదునుగా, బిస్కెట్లలా ఉన్నాయి. మూపురం జాడ లేదు. రెండో విడత ఇంకో చెంచా బేకింగ్ పౌడర్ కలిపి పెట్టాను. అవి అంచులు దాటి పొర్లి, మధ్యలో గుంట పడ్డాయి. నోట్లో వేసుకుంటే సబ్బు రుచి.

మా అమ్మ ఆ నెల రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆమెకు ఓవెన్ అలవాటు లేదు, మద్లేన్ అంటే ఏమిటో అంతకు ముందు తెలియదు. గిన్నెలో మిగిలిన పిండిలో గరిటె తిప్పి చూసి, "కలిపిన వెంటనే పోసేస్తే ఎలాగమ్మా, పిండి నానవద్దూ? రాత్రి కలిపి ఉంచుకోవలసింది" అంది. నేను విసుక్కున్నాను. ఇది అట్ల పిండి కాదమ్మా అన్నాను.

అరగంటకు పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. మాడు వాసన వచ్చి చూడటానికి వచ్చింది. ఎనభై ఏళ్లు ఉంటాయి. పుట్టింది, పెరిగింది లొరేన్‌లోనే. పళ్లెంలోని చదును కేకులను చూసింది కానీ ఏమీ అనలేదు. నేరుగా గిన్నె దగ్గరకు వెళ్లి, గిన్నె పక్కకు చేతి వెనుక భాగం ఆనించింది, జ్వరం చూసినట్టు. "గోరువెచ్చగా ఉంది. మీరు దీన్ని నిద్రపోనివ్వాలి" అంది. నేను ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ఆడవాళ్లు, చెరో ఖండంలో పొయ్యి దగ్గర యాభై అరవై ఏళ్లు గడిపి, ఒకే మాట చెప్పారు.

రెండోసారి బేకింగ్ పౌడర్ పడిన పిండి పారబోసి కొత్తగా కలిపాను. ఈసారి వెన్న గోరువెచ్చగా చల్లారేదాకా ఆవిడ పోయనివ్వలేదు. ఫ్రిజ్‌లో చోటు లేదు, అమ్మ తెచ్చిన పచ్చళ్లతో నిండిపోయింది. ఆవిడ కిటికీ తెరిచి, గిన్నె మీద పళ్లెం బోర్లించి, పళ్లెం మీద ఒక బరువు పెట్టి బయట కిటికీ గట్టున ఉంచింది. బయట రెండు మూడు డిగ్రీలు ఉంటుంది. "ఇక మీరు కూడా పడుకోండి" అని వెళ్లిపోయింది.

తెల్లవారుజామున ఆరింటికి పిండి తెచ్చి చూస్తే వేరే పదార్థంలా ఉంది. రాత్రి గరిటె జారుగా ఉన్నది ఇప్పుడు చెంచాతో తీస్తే ముద్దగా నిలుస్తోంది. వెన్న గడ్డకట్టి పిండికి బిగువు ఇచ్చింది. ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడి చేసి, వెన్న రాసి మైదా చల్లిన గుంటల్లో ముప్పాతిక వంతు నింపి పెట్టాను. అమ్మ, నేను ఓవెన్ అద్దం ముందు కింద కూర్చున్నాం. మొదటి రెండు నిమిషాలు ముద్ద కరిగి గుంట నిండా సర్దుకుంది. తర్వాత అంచుల చుట్టూ సన్నని గట్టు లేచింది, మధ్యలో రూపాయి బిళ్లంత పచ్చి పిండి నిగనిగలాడుతూ ఉంది. నాలుగో నిమిషం దాటాక 180కి తగ్గించాను. అప్పుడు ఆ పచ్చి చోటు వణికి, కింద నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు పైకి లేచింది. ఒకటి, రెండు, తర్వాత వరుసగా పన్నెండూ. "పూరీ పొంగినట్టు పొంగాయే!" అని అమ్మ నా భుజం పట్టుకుంది.

దీని వెనుక కారణం తేలికే. గుంట అంచుల దగ్గర లోతు తక్కువ, అక్కడ పిండి ముందు గట్టిపడుతుంది. నడుమ లోతు ఎక్కువ, పైగా పిండి చల్లనిది కాబట్టి అక్కడ చాలాసేపు పచ్చిగానే ఉంటుంది. లోపల పుట్టే ఆవిరికీ, బేకింగ్ పౌడర్ వదిలే వాయువుకూ బయటికి పోవడానికి ఆ మెత్తని చోటు ఒక్కటే దారి. అందుకే అక్కడ తోసుకొస్తుంది. పిండి ఎంత చల్లగా, ఓవెన్ ఎంత వేడిగా ఉంటే మూపురం అంత ఎత్తు. రాత్రంతా నానితే మైదా తడిని బాగా పీల్చుకుంటుంది, కలిపేటప్పుడు వచ్చిన జిగురు సాగుడు సడలుతుంది, లోపల గుల్లగా వస్తుంది. అయిదు నిమిషాల్లో మద్లేన్ అని వీడియోలు పెట్టేవారి మీద నాకు నిజంగా కోపం. చూసినవాళ్లు చేసి, చదునుగా వస్తే తమకే చేతకాదనుకుని అచ్చు అటక మీద పడేస్తారు.

ఇప్పుడు మేము హైదరాబాదులో ఉంటున్నాం. ఇక్కడ కిటికీ గట్టు పనికిరాదు, ఫ్రిజ్ కావాలి. వెన్న రాసిన అచ్చును కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక్కడి చిన్న ఓవెన్ల మీటను నమ్మకండి. నా దానిలో 220 అని పెడితే లోపల 190 కూడా ఉండేది కాదు. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, అచ్చు కంటే ముందు అదే కొనండి.

వెన్న విషయంలో రాజీ పడకండి. ఫ్రాన్స్‌లో ఉప్పు లేని మామూలు వెన్నలో కనీసం 82 శాతం కొవ్వు ఉంటుంది, నీరు 16 శాతానికి మించదు. కొవ్వు, ఆ కాస్త నీరు రెండూ కావాలి. అందుకే వెన్నకు బదులు అంతే తూకం నెయ్యి పోస్తే కేకు జిడ్డుగా వస్తుంది. నూనె పోస్తే వాసనే ఉండదు. పోయిన ఏడాది ఇక్కడ ఒక పేరున్న బేకరీలో ఫ్రెంచి టీ కేకులని అందమైన పెట్టె కొన్నాను. మూత తీయగానే వనస్పతి వాసన. ఆల్చిప్ప ఆకారం ఉంది, లోపల ఏమీ లేదు. పండుగకు ఇంటికొచ్చేవారికి అలాంటివి పెట్టడం కంటే వేడి వేడి పకోడీ పెట్టడం మేలు.

మీ ఇంట్లో గుడ్డు తిననివారు ఉంటే మద్లేన్‌ను గుడ్డు లేకుండా చేయాలని చూడకండి. దాని నిర్మాణమంతా గుడ్డు మీదే నిలబడింది. దానికి బదులు పాన్ దెపీస్ చేయండి. సెయింట్ నికోలస్ బొమ్మ రొట్టె అని పైన చెప్పాను కదా, అదే. పాత పద్ధతిలో దానిలో గుడ్డూ వెన్నా ఉండవు. పిండి, తేనె, దాల్చినచెక్క, లవంగం, శొంఠి, జాజికాయ. ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరంలో గోధుమ పిండితో, రైమ్స్ నగరంలో రై అనే ధాన్యపు పిండితో చేస్తారు. వారం రోజులు ఉన్నా రుచి పెరుగుతుందే తప్ప తగ్గదు. ముందుగా చేసి డబ్బాలో దాచుకోవడానికి అది సరైనది.

మద్లేన్‌ను మాత్రం దాచకండి. చేసిన గంటలో దాని అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మర్నాటికి అంచు మెత్తబడి మామూలు కేకు అయిపోతుంది. పండుగ ముందు రోజు రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండో రోజుకు కూడా బాగుంటుంది. చుట్టాలు నాలుగింటికి వస్తారంటే మూడున్నరకు ఓవెన్ వెలిగించండి. వాళ్లు చెప్పులు విప్పుతుండగా అచ్చు లోపల పెట్టండి. పది నిమిషాల్లో టీ మరుగుతుంది, ఇవీ అవుతాయి. ఇల్లంతా వెన్న, నిమ్మ వాసన నిండుతుంది.

ఆ ఆరో తేదీ ఉదయం బడికి తీసుకెళ్లే ముందు మొదటి విడతలోంచి రెండు కాగితంలో చుట్టి పక్కింటి ఆవిడకు ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి మూపురాన్ని బొటనవేలితో నొక్కి చూసింది, తర్వాత కొరికింది. "మీ అమ్మగారికి ఇచ్చారా?" అని అడిగింది. ఇచ్చాను అన్నాను.

అచ్చు పన్నెండు గుంటలది ఒకటే తీసుకోండి. రెండో విడత ఓవెన్‌లోంచి వచ్చేసరికి మొదటి విడత పళ్లెం ఖాళీ అవుతుంది. వాడాక సబ్బుతో గట్టిగా తోమకండి, వేడి నీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.