చిన్న దీవే కదా, అక్కడి కోతుల్ని లెక్కపెట్టడానికి నెలలు ఎందుకు?

ప్రశ్న ఇది: "సుమత్రాకి పడమట మెంతవాయి దీవుల్లో గిబ్బన్లు (తోకలేని చిన్న వానరాలు), కోతులు అంతరించిపోయేలా ఉన్నాయంటారు. నలుగురు అడవంతా తిరిగి లెక్క రాసుకుంటే సరిపోదా?"

సరిపోదు. తిరుమల మెట్ల దారిలో కోతులు మనిషి చేతిలో సంచి చూసి ఎదురొస్తాయి, నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. మెంతవాయి కోతులకి మనిషంటే వేటగాడే. పైగా సిబెరుత్ దీవి ఒక్కటే దాదాపు 4,000 చదరపు కిలోమీటర్లు: బురద, గట్లు, వాగులు, ఎప్పుడు పడుతుందో తెలియని వాన. మొత్తం తిరగడం కుదరని పని. మ్యాపు మీద కొన్ని గీతలు గీసుకుని, అడవిలో వాటి వెంటే నడిచి, కనబడినవాటిని బట్టి కనబడనివి ఎన్ని ఉంటాయో లెక్కకట్టాలి. ఆ కనబడనివాటి దగ్గరే లెక్కలన్నీ తప్పుతాయి.

అక్కడ స్థానికులు సిమకోబు అనే కోతినే తీసుకోండి. పంది తోకలాంటి పొట్టి తోక, అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న జాతి, మాంసం కోసం వేటగాళ్లు ముందుగా వెతికేది దీన్నే. అలికిడి వింటే ఇది పారిపోదు. కొమ్మకి అతుక్కుని బిగుసుకుపోతుంది. ఉదయం ఏడు గంటల వేళ ఆకుల మీంచి రాత్రి వాన ఇంకా కారుతుంటుంది. సరిగ్గా మీ నెత్తిమీద, ముప్పై మీటర్ల ఎత్తున, తల్లీ పిల్లా కదలకుండా కూర్చుని ఉంటాయి. మీరు కింద నుంచి దాటిపోతారు, పుస్తకంలో ఏమీ రాయరు. లెక్కకట్టే సూత్రమేమో గీత మీద ఉన్న జంతువు తప్పకుండా కనబడుతుందని నమ్ముతుంది. అందుకే వేట జరిగే అడవిలో సిమకోబు అంకె ఉన్నదానికన్నా తక్కువే వస్తుంది. నిదానంగా నడవడం తప్ప దీనికి మందు లేదు: గంటకి ఒక కిలోమీటరు, వంద అడుగులు వేసినప్పుడల్లా ఆగి రెండు నిమిషాలు పైకి చూపు. ఒక గీతకి ఇద్దరే, అందులో ఒకరు ఆ ఊరి మనిషి కావాలి. ఐదుగురు వెళ్తే వచ్చేది వాళ్ల బూట్ల చప్పుడే. వాన మొదలైతే ఆగిపోవాలి. అన్ని ఆకులూ కదులుతుంటే ఏది కోతో తెలియదు.

గీతలు ఎక్కడ వేయాలన్నది నడవడానికి ముందే కాగితం మీద తేలాలి. ఉన్న వేట దారుల వెంట నడిస్తే అప్పటికే జంతువులు ఖాళీ చేసిన చోట లెక్కపెట్టినట్టు. గట్టు వెంబడే నడిస్తే లోయలో ఏముందో తెలియదు. గీత వెంట దారి కోసం తుప్పలు కొట్టిన రోజే నడవకండి, ఒకట్రెండు రోజులు వదలండి. రెండున్నర కిలోమీటర్ల గీతలు పన్నెండు వేసి ఒక్కోటి నాలుగుసార్లు నడిస్తే 120 కిలోమీటర్లు. రెండే గీతల మీద ఇరవై నాలుగుసార్లు నడిచినా అదే 120. కానీ రెండోది అడవి లెక్క కాదు, ఆ రెండు గీతల లెక్క మాత్రమే.

గుంపు కనబడగానే మూడు రాయాలి: మొదట కనబడిన చోటికి ఎన్ని మీటర్లు, గీతకి ఎంత కోణంలో, ఎన్ని తలలు. దూరం 35 మీటర్లు, కోణం 40 డిగ్రీలైతే గీత నుంచి గుంపుకి సూటి దూరం 22.5 మీటర్లు. కోణం బద్ధకించి 30 అని రాస్తే 17.5 అవుతుంది. "దాదాపు ఎదురుగానే" అని సున్నా రాసేవాళ్లు ఇంకా నష్టం చేస్తారు. దూరాలన్నీ సున్నా దగ్గర కుప్పపడి, చూపు ఆనిన వెడల్పు ఇరుకైనట్టు తేలుతుంది. 120 కిలోమీటర్లలో 60 గుంపులు కనబడ్డాయనుకోండి. గీతకి అటూ ఇటూ 25 మీటర్ల వెడల్పైతే చదరపు కిలోమీటరుకి 10 గుంపులు. అదే 20 అనుకుంటే 12.5. ఐదు మీటర్ల అజాగ్రత్తతో లేని కోతులు పాతిక శాతం పుట్టుకొచ్చాయి. దూరం కొలిచే లేజరు యంత్రం ఉన్నా మధ్యలో ఆకుకి తగిలి దగ్గరి దూరం చూపిస్తుంది. జంతువున్న చెట్టు మొదలుకి గురిపెట్టి రెండుసార్లు కొలవండి. అరవై గుంపులైనా కనబడకుండా ఈ సూత్రం వాడకూడదనేది నా గట్టి మాట.

గిబ్బన్ సంగతి వేరు, దాన్ని చెవితో లెక్కపెట్టాలి. మెంతవాయి గిబ్బన్ని అక్కడ బిలౌ అంటారు. వేరే చాలా గిబ్బన్లలో ఆడా మగా కలిసి పాడతాయి, ఇక్కడ అలా కాదు. మగది తెల్లవారక ముందే మొదలుపెడుతుంది, ఆడది పొద్దెక్కాక పాడుతుంది. జతలేని మగవీ పాడతాయి కాబట్టి గుంపుల లెక్కకి ఆడదాని గొంతే పట్టుకోవాలి. గట్ల మీద మూడు చోట్ల, ఒక్కోదానికి నాలుగైదు వందల మీటర్ల ఎడంతో, మనుషులు చీకటుండగానే కూర్చోవాలి. గడియారాలు ముందు రాత్రే ఒకే సమయానికి కలుపుకోవాలి. పాట మొదలైన నిమిషం, కాంపాస్ దిక్కు, రాసేది ఇంతే. సాయంత్రం మూడు దిక్కులూ మ్యాపు మీద గీస్తే కలిసిన చోట గుంపు. ఒక్క మనిషి విని "ఐదారు గుంపులుంటాయి" అంటే అది లెక్క కిందకి రాదు.

గాలివాన రోజుల్లో అవి నోరు మెదపవు. మామూలు రోజుల్లోనూ రోజూ పాడవు. ఒక గుంపు ఒక రోజు పాడే అవకాశం 0.4 అనుకుందాం. ఒక్క రోజు కూర్చుంటే సగానికి పైగా గుంపులు చేజారినట్టే. నాలుగు రోజులు కూర్చుంటే కనీసం ఒక్కసారైనా వినబడే అవకాశం 0.87. విన్న గుంపుల సంఖ్యని ఆ 0.87తో భాగించి, తర్వాత చెవికి అందిన విస్తీర్ణంతో భాగించాలి. ఆ విస్తీర్ణం వృత్తం గీసి కొలిచేది కాదు. గట్టు అవతలి లోయ నుంచి శబ్దం రాదు, ఆ ముక్క తీసేయాల్సిందే.

ఒంటి వేడిని పట్టే థర్మల్ డ్రోన్ ఎగరేస్తే చాలని కొందరంటారు. దట్టమైన ఆకుల కింద ఒంటి వేడి పైకి సరిగా అందదు. ఎండెక్కితే ఆకులే మెరుస్తాయి. తెల్లవారుజామున నాలుగు మచ్చలు కనబడినా అవి గిబ్బన్లో కోతులో ఎవరు చెప్పాలి?

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. మంచి అడవిలో వచ్చిన సాంద్రతని, అంటే చదరపు కిలోమీటరుకి ఎన్నన్న అంకెని, దీవి మొత్తం వైశాల్యంతో గుణించి అంకె చెప్పేస్తారు. ఆ గుణకారంలో కొబ్బరి తోటలు, ఊళ్లు, చెట్లు నరికేసిన నేల అన్నీ కలిసిపోతాయి. నరకని అడవి, నరికి తిరిగి పెరిగిన అడవి, తోటలు వేర్వేరుగా కొలిచి, ఒక్కోదాన్నీ దాని సాంద్రతతోనే గుణించాలి. ఏ కోతీ కనబడని గీతని కూడా ఎన్ని కిలోమీటర్లు నడిచారో రాసి పట్టికలో ఉంచాలి. సున్నా వచ్చిందని ఆ వరుస చెరిపేస్తే వచ్చే ఏడాది అదే గీత మీద నడిచేవాళ్లకి పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.