సంఘం పెడుతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

కంచరపాలెం,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ద్వారకానగర్‌లో ఉద్యోగం మానేసి, పెద జాలారిపేటలో చేపలమ్మే ఆడవాళ్లతో పొదుపు సహకార సంఘం పెడుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తనకు ఒకటే టెన్షన్. నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పని నెత్తికెత్తుకునే పిల్ల ఒకత్తి ఉందని సంతోషం. భయం కూడా అంతే ఉంది. ఆ భయం ఎందుకో చెప్పాలనే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగంలోనే "సరేలే పెద్దమ్మా" అనేస్తావు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేయించు. వేర్వేరు కుటుంబాల వాళ్లు పదిమంది ఉంటే చాలు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు కాబట్టి పెత్తనమూ ఉండదు, ఎన్నికలూ ఆడిటూ మీరే చూసుకోవాలి. సమావేశం తేదీ మార్చకు. డబ్బు లెక్కపెట్టేది ఒకరు, పుస్తకం రాసేది ఇంకొకరు. బీకాం చదివినదానివి, ఇవి నీకు నేను చెప్పేదేముంది.

బోర్డు మీద 'మహిళా బ్యాంకు' అని రాయిస్తానన్నావట. ఆ పని మాత్రం చేయకు. రిజర్వు బ్యాంకు లైసెన్సు లేకుండా ఆ మాట పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అది అలా ఉంచు, చేపలమ్మే మనిషి బోర్డు మీద బ్యాంకు అని చూస్తే తన డబ్బుకు సర్కారు పూచీ ఉందనుకుంటుంది. బ్యాంకులో దాచుకున్నదానికి 5 లక్షల దాకా బీమా ఉంది. మన ఊళ్లో 1916 నుంచి నడుస్తున్న విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకులో దాచుకున్నా ఉంటుంది, దానికి లైసెన్సు ఉంది కాబట్టి. నీ సంఘంలో దాచుకున్నదానికి ఆ బీమా ఉండదు. ఈ మాట మొదటి సమావేశంలోనే, ఎవరూ అడక్కముందే చెప్పు. లేచి వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు, పర్లేదు.

మా సంఘం 1997లో మొదలైంది. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు సారా మానిపించి, రోజుకో రూపాయి దాచుకుంటున్నారని విని, మేం పన్నెండు మందిమి నెలకు ముప్పై రూపాయలు అనుకున్నాం. ఆ ముప్పై కోసం ఇంట్లో పడ్డ మాటలు మీ అమ్మకు తెలుసు, అడుగు. సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే పద్ధతి 1992లో నాబార్డు, అదే వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు, మొదలుపెట్టింది, దేశం మొత్తానికి 500 సంఘాలతో. అది మా పేటదాకా రావడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది. మేనేజరుగారు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోమన్న రోజు నాకిప్పటికీ గుర్తే. ఎవరం కూర్చోలేదు. చీరలకు చేపల వాసన వస్తుందేమోనని గోడవారగా నిలబడ్డాం.

ఆ అప్పు ఏం చేసిందో చెబుతాను, ఎందుకంటే నువ్వు పుస్తకాల్లో చదివిన అభివృద్ధి నేను హార్బరులో చూశాను. తెల్లారకముందే వేలం మొదలవుతుంది. చేతిలో నగదు ఉన్నవాళ్లు నచ్చిన రాశి పాడుకుంటారు. లేనివాళ్లు సావుకారు దగ్గర అరువు తీసుకుని, ఆయన చెప్పిన రేటుకు, ఆయన చూపించిన చేప మోసుకుపోవాలి. సంఘం ఇచ్చిన మూడు వేలతో మా తోటికోడలు మొదటిసారి తనంతట తాను వేలం పాడింది. పూర్ణామార్కెట్టులో అమ్ముకుని సాయంత్రం వచ్చి, మామూలు రోజుకంటే నలభై రూపాయలు ఎక్కువ మిగిలాయని ఆ నలభై విడిగా కొంగున ముడేసి చూపించింది. ఆ లాభం ఇదివరకు వేరే ఇంటికి పోయేది, ఆ రోజు మన పేటలో ఆగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఊళ్లో కరెంటు లేదు, ఏటీఎంలు లేవు, పాల ప్యాకెట్టుకు కూడా దిక్కులేదు. మా రేకుపెట్టెలో అప్పుడు 11,400 ఉన్నాయి. దీపం పెట్టుకుని తీర్మానం రాసి, మర్నాడు పొద్దున్నకల్లా ఎనిమిది ఇళ్ల మీదకు టార్పాలిన్లు కొనిపించాం. ఏ బ్యాంకూ ఆ రాత్రి ఆ పని చేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

2009. అప్పట్లో సముద్రంలో చేపల వేట నిషేధం 47 రోజులు, ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా. మా సంఘంలో ఒకావిడ రెండు వాయిదాలు కట్టలేకపోయింది. వాయిదా 900, మొత్తం 1,800. బోటు లేదు, చేప లేదు, ఎక్కణ్నుంచి కడుతుంది? కానీ కొత్త అప్పు రావాలంటే పాతదాంట్లో ఒక్క వాయిదా ఆగకూడదని బ్యాంకులో చెప్పారు. పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. ఒకరికి కూతురి పెళ్లి, ఒకరికి వలలు. అధ్యక్షురాలిని నేను. సాయంత్రం ఆరింటికి ఆరుగురిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కట్టేదాకా కదలకూడదని ముందే అనుకున్నాం.

ఆమెకు అది తెలియదు. చుట్టాలు వచ్చారన్నట్టు నవ్వుతూ వాకిట్లో చాప వేసింది, బుజ్జీ. ఆ చాప మీదే కూర్చున్నాం. లోపల పిల్లాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు. కాసేపటికి వీధిలో జనం ఆగి చూడ్డం మొదలైంది. ఎవరం గట్టిగా మాట్లాడలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఊరికే కూర్చున్నాం. తొమ్మిది దాటాక పిల్లాడు లేచి లోపల లైటు ఆపేశాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆమె మా ఇంటికి వచ్చింది. రొంటిన దోపుకున్న సంచీ తీసి 1,800 లెక్కపెట్టి ఇచ్చింది. డబ్బు తీసేటప్పుడు సంచీలోంచి పసుపు కార్డు అంచు బయటికొచ్చింది. రోజువారీ ఫైనాన్సువాళ్లు ఇచ్చే కార్డు. చూశాను. అడగలేదు. పుస్తకం తెరిచి 'బాకీ లేదు' అని రాసి సంతకం పెట్టించుకున్నాను.

ఆ కార్డు లెక్క నీకు చేసి చూపిస్తాను. రెండు వేలకు కాగితం రాయించుకుని చేతికి 1,800 ఇస్తారు. రోజుకు ఇరవై చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి రెండొందలే వడ్డీ. కానీ అసలు రోజూ తరిగిపోతుంటుంది కదా, సరిగ్గా లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. మా సంఘంలో రెండు రూపాయల వడ్డీ. ఆ రోజు మా సొంత పొదుపు 23,000 ఖాతాలో ఊరికే పడి ఉంది. అందులోంచి 1,800 ఇచ్చి, బోట్లు వెళ్లాక కట్టమంటే సరిపోయేది. నాకు తోచలేదు. నూటికి నూరు శాతం రికవరీ అని బ్యాంకులో అందరి ముందు మెచ్చుకుంటే పొంగిపోయాను.

వినాయక చవితి నాటికి ఆమె దగ్గర మూడు కార్డులు ఉన్నాయని తెలిసింది. ఒకటి కట్టడానికి ఇంకొకటి. ఆ తర్వాత ఒక రోజు ఇంటికి తాళం. మొగుడితో, పిల్లాడితో గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదకు వెళ్లిపోయారన్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూలుకు ఇళ్ల మీదకు రాకూడదని. పేటంతా టీవీ ముందు కూర్చుని ఆ కంపెనీలను తిడుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వాయిదా ఆగిపోయినవాళ్ల పేర్లు ప్రతి శనివారం వాట్సాప్ గ్రూపులో పెడతానన్నావట. అలా చేస్తే అందరూ టైముకు కట్టేస్తారని మీ అమ్మతో అన్నావట. కడతారు తల్లీ. తప్పకుండా కడతారు. ఎక్కణ్నుంచి తెచ్చి కడతారో అది చూడు. నీ అప్పు తీర్చడానికి కార్డు తీసుకుంటే నీ సంఘం ఎందుకు? పేటలో అందరికీ అందరూ తెలుసు. అందుకే జామీను అడక్కుండా అప్పివ్వగలుగుతున్నాం, అందుకే పరువు తీయడం కూడా మనకు అంత సులువు. నీకు ముప్పై ఏళ్లు కూడా లేవు, అంత బలం చేతికొస్తే ఏం చేస్తావోనని నా భయం. నాకు నలభై ఆరేళ్లప్పుడు నేనే తప్పు చేశాను.

ఇప్పుడు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రెండు నెలలూ వాయిదా లేకుండా అప్పు కాగితం రాయి. నవంబరు నుంచి మార్చి దాకా నాలుగు డబ్బులు ఎక్కువ కట్టించు. పొదుపులో కొంత విడిగా ఉంచి, ఆగిపోయిన మనిషికి ముందు దాంట్లోంచి ఇవ్వు. ఆగినప్పుడు ఒక్కదానివే వెళ్లు, పుస్తకం తీసుకెళ్లకు. ఏం వండుకున్నారో అడుగు. సాయంత్రం పూట వెళ్లకు, పిల్లలు ఇంట్లో ఉంటారు.

మా పాత లెడ్జరు మీ అమ్మతో పంపిస్తున్నాను. ఆవిడ పేజీ నీకు గుర్తు పెట్టి ఇవ్వడం లేదు. కొట్టివేత ఒక్కటి లేకుండా, నా చేతిరాతతో శుభ్రంగా ఉంటుంది, నువ్వే చూసుకో. ఆవిడ పొదుపు 4,160 ఇంకా ఆమె పేరు మీదే ఉంది. వేరావల్ వెళ్లొచ్చినవాళ్లు ఎవరు కనబడినా అడుగుతూనే ఉన్నాను. నీ దగ్గరికీ ఆ పేటవాళ్లు వస్తారు కదా, నువ్వూ అడుగు.

కవరులో 500 పెట్టాను, నా వాటా డబ్బు. నన్ను సభ్యురాలిగా చేర్చుకోవచ్చో లేదో బైలాలో చూసి చెప్పు. చేర్చుకుంటే రసీదు రాసి సంతకం పెట్టి పంపు. పెద్దమ్మే కదా అని ఊరికే వేసుకోకు.

మీ పెద్దమ్మ