ఓపెన్‌కు ఎదురు మాట ఎన్ని?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఇంగ్లీషు క్రియ చుట్టూ తిరిగాయి. 'ఓపెన్'కు వ్యతిరేకపదం 'క్లోజ్' అని రాస్తే పరీక్షలో మార్కు పడుతుంది. ఇంట్లో, కొట్లో, పొలంలో మాత్రం అది ఒక్కటే సరిపోదు.

ప్రశ్న: 'క్లోజ్', 'షట్' రెండూ ఒకటేనా? ఆరో తరగతి పిల్లలకు ముందు ఏది చెప్పాలి?
– ఉపాధ్యాయిని, గజపతినగరం

ముందు 'క్లోజ్' చెప్పండి. తలుపు, కిటికీ, పెట్టె, పుస్తకం, కళ్ళు, నోరు – వీటికి రెండు మాటలూ నడుస్తాయి. బ్యాంకు ఖాతా ముగించినా, సభ ముగించినా 'క్లోజ్' అనాలి, అక్కడ 'షట్' అతకదు. 'షట్' పాత ఇంగ్లీషు మాట. దాని మొదటి అర్థం గడియ తోయడం. 'క్లోజ్' ఫ్రెంచి దారిన లాటిన్ నుంచి వచ్చింది. అందుకేనేమో, ఆఫీసు పనులకు 'క్లోజ్', చేత్తో గట్టిగా మూసేదానికి 'షట్' ఎక్కువ వినిపిస్తాయి. పెద్దవాళ్ళతో 'షట్ ద డోర్' అంటే కాస్త కటువుగా ఉంటుంది. నామవాచకం ముందు కూడా 'ఎ క్లోజ్డ్ డోర్' అంటారు గాని 'ఎ షట్ డోర్' అనరు.

పిల్లలు తప్పేది రెండు చోట్ల. 'షట్' భూతకాలంలోనూ 'షట్'గానే ఉంటుంది, 'షటెడ్' అనే మాట లేదు. దాన్ని 'కట్', 'పుట్'లతో కలిపి ఒకే రోజు చెప్తే మరిచిపోరు. రెండోది ఉచ్చారణ. మూయడం అనే 'క్లోజ్' చివరి ధ్వనికి తెలుగులో అక్షరం లేదు, మనం 'జ'తో సరిపెట్టుకుంటాం. దగ్గర అనే అర్థం ఉన్న మాట స్పెల్లింగ్ అచ్చంగా అదే, చివర మాత్రం 'స్' పలకాలి. గొంతు మీద వేలు పెట్టించి 'స్‌స్‌స్' అని సాగదీయించండి. వేలికి ఏమీ తెలియదు. నాలుక కదపకుండా దానికే గొంతు కలపమనండి, తుమ్మెద రొదలా వేలికి అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉంటే మూయడం, లేకపోతే దగ్గర.

ప్రశ్న: కొట్టు ముందు బోర్డు రాయించాలి. ఒక వైపు 'ఓపెన్డ్', రెండో వైపు 'క్లోజ్డ్' అని రాస్తే సరిపోతుందా?
– కిరాణా వ్యాపారి, చీపురుపల్లి

మొదటిదానికి 'డ్' తీసేయండి. 'ఓపెన్' క్రియ మాత్రమే కాదు, తెరిచి ఉన్న స్థితిని చెప్పే విశేషణం కూడా. 'క్లోజ్'కు ఆ సదుపాయం లేదు కాబట్టి 'డ్' చేర్చక తప్పదు. చేర్చకుండా 'ద షాప్ ఈజ్ క్లోజ్' అని రాస్తే కొట్టు దగ్గర్లోనే ఉందని అర్థం వస్తుంది. ఇక 'ఓపెన్డ్' ఎక్కడ వాడాలంటే, తెరిచిన సమయం చెప్పేటప్పుడు: 'ద షాప్ ఓపెన్డ్ ఎట్ నైన్'. 'కొట్టు కట్టేశారు' అని మనం రాత్రి తాళం వేసినా అంటాం, దివాలా తీసినా అంటాం. ఇంగ్లీషులో ఈ రెండోదానికి 'క్లోజ్డ్ డౌన్' అనాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో చదువుతూ 'ఓపెన్ ద లైట్', 'క్లోజ్ ద ఫ్యాన్' అంటున్నాడు. తప్పని తెలుసు గాని ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను.
– గృహిణి, నరసన్నపేట

ఇలాంటి మాటకు ఎదురు మాట ఏదో తేల్చేది క్రియ కాదు, దాని పక్కనున్న వస్తువు. తెలుగులోనూ అంతే. తలుపు తీస్తాం, వేస్తాం. కళ్ళు తెరుస్తాం, మూస్తాం. గొడుగు విప్పుతాం, ముడుస్తాం. మూట విప్పుతాం, కడతాం. కుళాయి విప్పుతాం, కట్టేస్తాం. 'గొడుగు వెయ్యి' అని మనం అననట్టే ఇంగ్లీషువాళ్ళు 'ఓపెన్ ద లైట్' అనరు. లైటుకు, ఫ్యాన్‌కు 'స్విచ్ ఆన్', 'స్విచ్ ఆఫ్'. కుళాయికి 'టర్న్ ఆన్', 'టర్న్ ఆఫ్'. చొక్కా గుండీలకు 'అన్‌డూ', 'డూ అప్'. మూటకు 'అన్‌టై', 'టై'. గొడుగుకు 'పుట్ అప్' అన్నా 'ఓపెన్' అన్నా సరే. పార్సిల్‌కు మాత్రం 'ఓపెన్' పనికొస్తుంది, ఎదురు మాట 'రాప్' లేదా 'సీల్'.

ఇంకో చిక్కు మన 'వెయ్యి'తో. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది. ఒకటే తెలుగు క్రియ ఇంగ్లీషులో ఒక చోట మూయడం, ఇంకో చోట మొదలుపెట్టడం. అందుకే అబ్బాయిని క్రియలు విడివిడిగా బట్టీ పట్టనివ్వకండి. వస్తువు పేరుతో కలిపి జంటలుగా చెప్పించండి.

ప్రశ్న: కుళాయి ఓపెన్ చేస్తే నీళ్ళొస్తాయి. సర్క్యూట్ ఓపెన్ అయితే కరెంటు ఆగిపోతుంది. ఈ తలకిందులు ఏమిటి? స్టార్టర్ బటన్లలో ఎన్‌ఓ, ఎన్‌సీ గుర్తుపట్టడం ఎలా?
– ఐటీఐ విద్యార్థి, శ్రీకాకుళం

మాట తలకిందులు కాలేదు. 'ఓపెన్' అంటే ప్రవాహం మొదలవడం కాదు, సందు ఏర్పడడం. నీటికి సందు దారి. కరెంటుకు అదే సందు అడ్డు, ఎందుకంటే ఆ సందులో ఉండేది గాలి, గాలి విద్యుత్తును పోనివ్వదు. వాల్వ్ ఓపెన్ అంటే నీళ్ళు పారతాయి, స్విచ్ ఓపెన్ అంటే దీపం ఆరుతుంది. పైన చెప్పిన 'వెయ్యి' మీకు ఇక్కడ అక్కరకొస్తుంది: తలుపు వెయ్యడమూ క్లోజే, స్విచ్ వెయ్యడమూ క్లోజే. ఇంజనీరు ఇంగ్లీషుకు ఇంటి తెలుగు ఇంత బాగా అతికే చోట్లు తక్కువ.

ఎన్‌ఓ అంటే నార్మల్లీ ఓపెన్, ఎన్‌సీ అంటే నార్మల్లీ క్లోజ్డ్. 'నార్మల్లీ' అంటే ఎవరూ నొక్కని స్థితిలో అని. కాలింగ్ బెల్ బటన్ ఎన్‌ఓ, నొక్కినప్పుడే కలుస్తుంది. ఫ్రిజ్ లోపలి దీపం ఎన్‌సీ: తలుపు మూసినప్పుడు అది బటన్‌ను నొక్కి సర్క్యూట్‌ను ఓపెన్ చేస్తుంది. తలుపు క్లోజ్ అయితే సర్క్యూట్ ఓపెన్!

పొలం మోటారుకు పెట్టే డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్, అంటే మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టర్‌లో పచ్చ బటన్ ఎన్‌ఓ, ఎర్ర బటన్ ఎన్‌సీ. రెండూ కాయిల్‌తో (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్టతో) వరుసలో ఉంటాయి. పచ్చది నొక్కితే కాయిల్‌కు కరెంటు అంది కాంటాక్టర్, అంటే ఆ అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్, లాగి మోటారుకు కరెంటు కలుపుతుంది. వేలు తీశాక కూడా మోటారు తిరగడానికి కారణం పచ్చ బటన్‌కు సమాంతరంగా ఉండే మరో ఎన్‌ఓ కాంటాక్ట్. కాంటాక్టర్ లాగగానే అది కలిసి కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. ఆపే బటన్‌ను ఎన్‌సీగా ఎందుకు పెడతారంటే, ఆ తీగను ఎలుక కొరికినా, స్క్రూ వదులైనా సర్క్యూట్ తెగి మోటారు దానంతటదే ఆగుతుంది. పొరపాటున ఎర్ర బటన్ చోట ఎన్‌ఓ బిగిస్తే పచ్చది ఎంత నొక్కినా మోటారు కదలదు. కాయిల్ కాలిందనుకుని కొత్తది కొనే ముందు బటన్ చూడండి.

చూసే పద్ధతి: మెయిన్ ఆపి, ఫ్యూజులు మూడూ పీకండి. టెస్టర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకోండి. బటన్‌కు ఉన్న రెండు తీగల్లో ఒకటి విప్పండి, లేకపోతే మీటరు కాయిల్ మీదుగా తిరిగొచ్చే దారిని కూడా చదివి తప్పు చెప్పొచ్చు. మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి బటన్ రెండు కొసలూ తాకండి. నొక్కకుండానే కూస్తే ఎన్‌సీ, నొక్కితే కూసేది ఎన్‌ఓ. ఎలా నొక్కినా కూయకపోతే కాంటాక్టులు నల్లబడ్డాయన్నమాట, మార్చడమే. అంకెలు ముద్రించి ఉంటే ఇంకా సులువు: 1, 2తో ముగిసే జంట ఎన్‌సీ, 3, 4తో ముగిసేది ఎన్‌ఓ.

ప్రశ్న: 'డ్రా ద కర్టెన్స్' అంటే తెర తీయమనా, వేయమనా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

రెండూ. 'డ్రా' అంటే లాగడం, ఎటు లాగాలో మాట చెప్పదు. సాయంత్రం అంటే వేయమని, పొద్దున్నే అంటే తీయమని సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మీరు రాసేటప్పుడు మాత్రం 'ఓపెన్' లేదా 'క్లోజ్' అని రాయండి. తెరల విషయంలో ఆ రెండూ అనుమానం లేకుండా ఎదురెదురు.