అమ్మమ్మ రేడియోకు మూడు వోల్టుల సప్లై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ రేడియోకు పెన్సిల్ సెల్లులు మార్చలేక, కరెంటుతో నడిచే చిన్న సప్లై చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాత సెల్‌ఫోను చార్జరు వైరు కోసి కలిపేద్దామన్న ఆలోచన మాత్రం మానుకో. అది 5 వోల్టులు ఇస్తుంది, రెండు సెల్లుల రేడియోకు 3 చాలు. పైగా చార్జరు లోపలి స్విచింగ్ పుట్టించే రొద మీడియం వేవ్‌లోకి చొరబడి, 837 కిలోహెర్ట్జ్ మీది విజయవాడ కేంద్రాన్ని వినబుద్ధి కాకుండా చేస్తుంది.

6 వోల్టులు, 500 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీగా మార్చేందుకు బ్రిడ్జిగా కలిపిన నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు, వాటి తర్వాత వోల్టేజీని నిలకడగా ఉంచే ఎల్ఎం317 రెగ్యులేటరు పెట్టు. ఇంట్లో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు ఉంది కదా అని వాడితే, మిగిలిన వోల్టులన్నీ రెగ్యులేటరులోనే వేడిగా మారి, దాని మీద వేలు పెట్టలేవు. ప్రతి డయోడు రెండు కాళ్ల మధ్యా 0.01 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటరు ఒకటి కలుపు. అవి లేని సప్లైతో రేడియో స్టేషను లేని చోట నిశ్శబ్దంగానే ఉండి, స్టేషను తగలగానే గుంయ్‌మని మోగడం మొదలుపెడుతుంది. అది తెలియక పెద్ద కెపాసిటరునే మార్చి మార్చి విసిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

రెగ్యులేటరు అవుట్‌పుట్ కాలికీ, వోల్టేజీని నిర్ణయించే అడ్జస్ట్ కాలికీ మధ్య 120 ఓమ్‌ల రెసిస్టరు, అడ్జస్ట్ నుంచి గ్రౌండుకు 150, 18 ఓమ్‌లవి వరుసగా కలిపితే సరిగ్గా 3 వోల్టులు వస్తాయి. పుస్తకాల్లో తరచుగా కనిపించే 240 ఓమ్‌ల విలువకు బదులు 120 ఎందుకంటే, రేడియో కట్టేసి ఉన్నప్పుడు కూడా కనీసం 10 మిల్లీఆంపియర్లు పారుతుంటేనే ఈ రెగ్యులేటరు అదుపులో ఉంటుంది. లేకపోతే వోల్టేజీ పైకి పాకవచ్చు. అక్షరాలు నీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుసగా అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్ కాళ్లు. వెనుక రేకు 7805 అనే 5 వోల్టుల రెగ్యులేటరులో గ్రౌండు, ఇందులో అవుట్‌పుట్. ఆ సంగతి మరచి, గ్రౌండు కలిపిన ఇనుప డబ్బాకే దాన్ని నేరుగా స్క్రూతో బిగించి, అవుట్‌పుట్ సున్నా ఎందుకు చూపిస్తోందో అర్థంకాక ఒక రాత్రంతా కూర్చున్నాను. నువ్వు ప్లాస్టిక్ డబ్బా వాడు.

230 వోల్టుల వైపు ఫ్యూజు తప్పనిసరి. ప్రతి అతుకుకూ స్లీవు తొడుగు, వైరు లాగినా ఊడకుండా డబ్బా దగ్గర బిగించు. మూత వేయకుండా ప్లగ్గు పెట్టవద్దు. ముందుగా రేడియో బదులు 33 ఓమ్‌ల, ఒక వాట్ రెసిస్టరు కలిపి మల్టీమీటరుతో 3 వోల్టులు చూసుకో. రేడియో సాకెట్టులో నడిమి పిన్ను ప్లస్సో మైనస్సో దాని పక్కనున్న గుర్తు చెబుతుంది. సాకెట్టు లేక సెల్లుల స్ప్రింగులకే వైర్లు అతికిస్తే, లోపల పాత సెల్లులు ఉంచవద్దు. ఎదురు కరెంటు ఎక్కి అవి కారతాయి.